మా కాంటెస్సాకి ఏ క్లచ్ వేయించాను, ఎందుకు

కాంటెస్సాని మన దేశపు మజిల్ కార్ (పెద్ద ఇంజిన్ ఉండే అమెరికన్ కార్ల తరహా బండి) అని ముద్దుగా పిలుచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. పొడవాటి బానెట్, ముందు నాలుగు గుండ్రటి లైట్లు, వెనక చక్రాలకు డ్రైవ్. రూపానికి ఆ పేరు తగినదే. ఇంజిన్ సంగతి వేరు. 1984లో హిందుస్థాన్ మోటార్స్ ఈ కారు తెచ్చినప్పుడు అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజినే పెట్టింది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ వచ్చాకే బండికి ప్రాణం వచ్చింది. మా ఇంట్లో ఉన్నది ఆ ఇసుజు పెట్రోల్ బండి, ఐదు గేర్లది. ఇంజిన్ మొత్తం విప్పించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించి, హెడ్ పని చేయించి, పెద్ద కార్బ్యురేటర్ పెట్టించాక బండి హుషారుగా లాగడం మొదలుపెట్టింది. దాంతోపాటే క్లచ్, అంటే ఇంజిన్ తిప్పుడుని గేర్‌బాక్స్‌కి అందించే భాగం, జారడమూ మొదలైంది.

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే బయటపడింది. మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది, వేగం మాత్రం ఉన్నచోటే ఉంది. పైకెళ్లి ఆపేసరికి కాలిన లైనింగ్ (క్లచ్ ప్లేటు మీది రాపిడి పొర) వాసన.

క్లచ్ జారగానే పెద్ద క్లచ్ కొనేయాలని అనిపిస్తుంది. ముందు ఎందుకు జారుతోందో తేల్చుకోవాలని విశాఖ ఆటోనగర్‌లో మా బండి చూసే మేస్త్రి గారు పట్టుబట్టారు. ఆయన మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. జారడానికి మూడు మామూలు కారణాలు ఉంటాయి. పెడల్‌కి ఖాళీ కదలిక లేకపోతే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ డయాఫ్రమ్ (ప్లేటుని నొక్కిపట్టే పళ్లెం లాంటి స్ప్రింగు) వేళ్లను నొక్కుతూనే ఉంటుంది, ప్లేటు పూర్తిగా బిగుసుకోదు. ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ గానీ గేర్‌బాక్స్ ముందు సీల్ గానీ కారితే లైనింగ్ మీద నూనె చేరుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన ప్లేటు వేసినా జారుతుంది. మూడోది మామూలు అరుగుదల. గేర్‌బాక్స్ దించి చూస్తే మాది మూడోదే. లైనింగ్ రివెట్ల దాకా అరిగింది, సీళ్లు పొడిగా ఉన్నాయి. అయినా సీళ్లు రెండూ మార్పించాను. వాటి ధర తక్కువ, మళ్లీ గేర్‌బాక్స్ దించే కూలి ఎక్కువ.

ఇక ఎంపిక. క్లచ్ మోయగలిగే టార్క్ (తిప్పే బలం) నాలుగు విషయాల గుణకారం: ప్లేటుని ఫ్లైవీల్‌కి (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రానికి) అదిమే ప్రెషర్ ప్లేట్ నొక్కే బలం, లైనింగ్ ఘర్షణ గుణకం, లైనింగ్ సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య. ఉదాహరణకు బయటి వ్యాసం 200 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 140 ఉన్న ప్లేటు తీసుకుందాం. సగటు వ్యాసార్థం 85 మిల్లీమీటర్లు. నొక్కే బలం 4000 న్యూటన్లు, ఘర్షణ 0.3, ముఖాలు రెండు. గుణిస్తే 204 న్యూటన్ మీటర్లు. నా ఇంజిన్ 160 దాకా ఇస్తుందని లెక్కేసుకున్నాను. కాగితం మీద 204 చాలు. కానీ ఘాట్‌లో ప్లేటు వేడెక్కితే ఘర్షణ తగ్గుతుంది, అరుగుతున్నకొద్దీ పట్టు మారుతుంది. అందుకే ఒకటిన్నర రెట్లు, అంటే 240 చుట్టుపక్కల ఉండాలని నిర్ణయించుకున్నాను.

అక్కడికి చేరడానికి రెండు దార్లు. లైనింగ్ మార్చి సిరామిక్ బటన్లు వేయిస్తే ఘర్షణ 0.45 దాకా పోతుంది, అదే ప్రెషర్ ప్లేట్‌తో 306 వస్తుంది. లేదా మామూలుగా వచ్చే ఆర్గానిక్ లైనింగే ఉంచి నొక్కే బలాన్ని 20 శాతం పెంచితే 245 వస్తుంది.

ట్రాక్టర్లు, లారీలకు బటన్ ప్లేట్లు ఎప్పటినుంచో వేస్తున్నారు కాబట్టి ఆటోనగర్‌లో ఎవర్ని అడిగినా మొదట చెప్పేది అదే. "బటన్ ప్లేటు వెయ్యండి బాబూ, ఇంక జారదు" అని ఒకరిద్దరు గట్టిగానే చెప్పారు. జారదు, నిజమే. కానీ సిరామిక్ మెల్లగా పట్టుకోదు, ఒక్కసారిగా పట్టేస్తుంది. ఎన్‌ఏడీ జంక్షన్‌లో, మద్దిలపాలెంలో సాయంత్రం పూట బండి అంగుళం అంగుళం జరుగుతుంది. సింహాచలం కొండ మీదికి వెళ్లేటప్పుడు ముందు బస్సు ఆగితే ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నిలబెట్టి కదిలించాల్సి వస్తుంది. అలాంటి చోట బటన్ ప్లేటుతో బండి కుదుపుతుంది, పక్కన అమ్మ కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఫ్లైవీల్ కూడా తొందరగా అరుగుతుంది.

కెవ్లర్ (గట్టి కృత్రిమ నార) లైనింగ్ గురించి కూడా ఆలోచించాను. మెత్తగా పట్టుకుంటుంది, చాలాకాలం మన్నుతుంది. కానీ కొత్తలో ఓపికగా నడపకుండా వేడెక్కిస్తే పైపొర గాజులా మెరిసిపోయి పట్టు పోతుంది. మా తమ్ముడు కూడా బండి తీస్తాడు. వద్దనుకున్నాను.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువభాగం అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కార్లకి సంబంధించినవి. వాటి టార్క్ నా బండికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి రెండు ప్లేట్ల క్లచ్‌లు వాటికి అవసరమే. 1960ల నాటి ఆ కార్లలో చాలావాటికి కాయిల్ స్ప్రింగులు, మూడు లీవర్ల ప్రెషర్ ప్లేట్లు వచ్చేవి, పెడల్ చాలా బరువు. మన దగ్గర ఫోర్డ్ మస్టాంగ్ 2016లో అమ్మకానికి వచ్చింది కానీ ఆటోమేటిక్‌గానే వచ్చింది, దాంట్లో క్లచ్ పెడలే లేదు. అందుకని ఆ సలహాల్లోంచి లెక్క వేసే పద్ధతి తీసుకుని అంకెలు వదిలేశాను.

కోయంబత్తూరులో రేస్ కార్లకు క్లచ్‌లు తయారుచేసే ఒక వర్క్‌షాపుకి మా పాత ప్రెషర్ ప్లేట్ పంపాను. దాని ఉక్కు కవర్ అలాగే ఉంచి అందులో గట్టి డయాఫ్రమ్ వేసి, నొక్కే బలం కొలిచి చెప్పమన్నాను. ప్లేటు విషయంలో ఒకటే షరతు పెట్టాను: హబ్‌లో, అంటే ప్లేటు మధ్యభాగంలో, కుదుపు తగ్గించే డంపర్ స్ప్రింగులు ఉండి తీరాలి. స్ప్రింగులు లేని రేసింగ్ హబ్ వేస్తే ప్రతి కుదుపూ నేరుగా గేర్‌బాక్స్‌కే పోతుంది. పాతబడిన ఆ గేర్‌బాక్స్‌కి విడిభాగాలు దొరకడమే కష్టం.

కొరియర్‌లో వచ్చిన ప్లేటు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదికి ఎక్కలేదు. నేను షాఫ్ట్ పళ్ల సంఖ్య, వ్యాసం రెండూ కొలిచి పంపాను. వాళ్లు పళ్లు సరిచూసుకుని వ్యాసం పట్టించుకోలేదు. వెర్నియర్ పెట్టి చూస్తే మిల్లీమీటరులోపు తేడా. మేస్త్రి గారి దగ్గర కుర్రాడు సుత్తి తీసుకోబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. హబ్ షాఫ్ట్ మీద వేలితో తోస్తే జారాలి, అప్పుడే క్లచ్ తొక్కగానే ప్లేటు వదులుతుంది. తిప్పి పంపితే సరైన హబ్ వేసి ఇచ్చారు, డబ్బులు అడగలేదు.

ఈలోగా ఫ్లైవీల్ పని. పాతదాని ముఖం మీద నీలం మచ్చలు, సన్నటి వేడి పగుళ్లు కనిపించాయి. లేత్ షాపులో మచ్చలు పోయేదాకా తీయించి, డయల్ గేజ్ పెట్టి వంకర లేదని చూశాకే తెచ్చుకున్నాం. బరువు తగ్గిద్దామా అని అడిగారు, వద్దన్నాను. తేలిక ఫ్లైవీల్‌తో ఇంజిన్ చురుగ్గా తిరుగుతుంది గానీ ఎత్తు మీద బండి కదిలించేటప్పుడు ఆగిపోతుంది. నాకు కొండలే ఎక్కువ.

బిగించేటప్పుడు ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఒకదాని తర్వాత ఎదురుదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వెళ్లారు. ఒకే పక్క బిగిస్తే కవర్ వంగి, తర్వాత ప్లేటు వణుకుతుంది. షాఫ్ట్ పళ్ల (స్ప్లైన్ల) మీద గ్రీజు పలచగా పూసి మిగిలింది గుడ్డతో తుడిచేశారు, లేకపోతే తిరిగేటప్పుడు అది లైనింగ్ మీదికే చిమ్ముతుంది.

మొదటి 800 కిలోమీటర్లు ఊళ్లోనే నడిపాను. గాజువాక, సిరిపురం, హనుమంతవాక, అంటే గేర్లు మార్చుతూనే ఉండే దారులు. క్లచ్ అలవాటుపడేది అలా తొక్కుతూ వదులుతూ ఉన్నప్పుడే, హైవే మీద ఐదో గేర్‌లో పోతే కాదు. మొదట కాస్త వణికింది, క్రమంగా పోయింది. తర్వాత ఆనందపురం వైపు నాలుగో గేర్‌లో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కి చూశాను. ఇంజిన్, బండి కలిసే కదిలాయి.

పెడల్ మునుపటికన్నా కాస్త గట్టిగా ఉంది. ఆ ఒత్తిడి క్రాంక్ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీద కూడా పడుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి ఉంచకుండా న్యూట్రల్ చేస్తున్నాను, తమ్ముడికీ అదే చెప్పాను. బీచ్ రోడ్డు దగ్గర ఇళ్లున్నవాళ్లకి ఇంకో మాట: బండి వారాల తరబడి కదలకుండా ఉంటే ఉప్పుగాలికి ఫ్లైవీల్ ముఖం తుప్పుపట్టి ప్లేటు అతుక్కుపోతుంది. వారానికోసారైనా స్టార్ట్ చేసి నాలుగు వీధులు తిప్పండి. ఆయిల్ మార్చినప్పుడల్లా పెడల్ ఖాళీ కదలిక కూడా చూపించుకోండి. లైనింగ్ అరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గుతూ వస్తుంది.