కోరింగ మడ అడవిలో

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి వెళ్తే ఆటు వేళ చూసుకుని వెళ్లండి. నీళ్లు తగ్గితేనే మడ అడవి అసలు రూపం బయటపడుతుంది. చెక్క వంతెన మీద నుంచి వంగి చూశాను. బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేర్లు! గాలి ఆడని ఆ బురదలో మడచెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. వాటి మధ్య గోరంత పీత ఒకటి, ఒంటిని మించిన డెక్కను ఊపుతూ నిలబడింది. ఎంతసేపు చూశానో!

1978లో అభయారణ్యమైన చోటు ఇది. నీటిపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి. నాకు కనిపించలేదు; నీటిపిల్లి ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు, పగలు మన ముందుకు రావాలనుకోవడం న్యాయం కాదు. పడవలో పెద్దగా పాటలు పెడితే కొంగలు కూడా నిలవవు.

ఒక వేరుకు చిప్స్ కవరు చుట్టుకుని ఉంది. చేతికి అందలేదు. చాలా బాధేసింది. ఉప్పెన వేగాన్ని తగ్గించేది, రొయ్యపిల్లలు పెరిగే ఇల్లు అయ్యేది ఈ వేర్లే కదా.

వచ్చే కార్తీకంలో మా వీధివాళ్లందరినీ తీసుకెళ్తాను. వనభోజనాలు మాత్రం అడవి బయటే. కంచాలు, గ్లాసులు, నీళ్లు ఇంటి నుంచే. వచ్చేవాళ్లు చెప్పండి.