జకార్తా ముందే గుర్తించింది

2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రోజు చెన్నై వడపళనిలో మా అపార్ట్‌మెంట్ అంతా స్వీట్లు పంచుకున్నాం. తమిళుల ఆనందం కూడా మాకంటే ఏం తక్కువ కాదు. అయితే పక్కింటి అన్నయ్య "ఇన్నాళ్ళకు మన తెలుగుకు బయట గుర్తింపొచ్చింది" అన్నప్పుడు మాత్రం నేను ఊరుకోలేకపోయాను.

1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ‘నర్తనశాల’కు ఎస్వీ రంగారావు ఉత్తమ నటుడయ్యారు. ఆయన వేసిన ఆ కీచకుణ్ణి మళ్ళీ చూడండి. సైరంధ్రి కనబడగానే ఆ కళ్ళలో ముందు ఆశ్చర్యం, వెంటనే ఆశ, ఆపైన ‘నాకు అడ్డెవరు’ అనే ధీమా. మాట రాకముందే మనిషి మొత్తం అర్థమైపోతాడు. భాష తెలియని జడ్జీలకు అంతకన్నా ఏం కావాలి? అంతటి నటుడికి మన దేశం పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. 1974లో ఆయన పోయారు. తపాలా బిళ్ళ వేసింది 2013లో!

ఇప్పటికీ ఇదే తీరు. 2024లో దర్శకురాలు పాయల్ కపాడియా సినిమా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’కు కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ వచ్చింది. ఇక్కడ ఆస్కార్ ఎంట్రీగా మాత్రం వేరే సినిమాను పంపారు. రానా దగ్గుబాటి సంస్థ పాయల్ సినిమాను మన దేశంలో విడుదల చేసినందుకు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

మా వీధికి దగ్గర్లోనే ఒకప్పటి వాహినీ స్టూడియో స్థలం. ఇప్పుడక్కడ మాల్ ఉంది. ఆ మాల్ థియేటర్‌లో ఒక్క ఆదివారమైనా రంగారావు మాంత్రికుడిగా వేసిన ‘పాతాళభైరవి’ ఆడిస్తే బాగుండు. మా పిల్లల్ని తీసుకుని మొదటి ఆటకే వెళ్తాను.