ఒక్క లైను దగ్గర ఆగిపోయిన నా క్లాస్ 1 మెడికల్

కమర్షియల్ పైలట్ కావాలంటే పాసవ్వాల్సిన ఆరోగ్య పరీక్షే క్లాస్ 1 మెడికల్. నిన్న సాయంత్రం అందులో 'ఫిట్' అన్న కాగితం చేతికొచ్చింది. మూడుసార్లు చదువుకున్నాను, కళ్లజోడు పెట్టుకునే. చెవి, గుండె, రక్తం సంగతులు రాయను, అవి రెండుసార్లూ సాఫీగానే అయిపోయాయి. నన్ను తిప్పలు పెట్టింది కళ్లే.

మొదటిసారి ఎడమ కన్ను 6/12 వచ్చింది, అంటే మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివేది నాకు 6 మీటర్ల నుంచి గానీ కనపడలేదు. కళ్లజోడుతోనైనా సరే ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపి 6/6 రావాలన్నది రూలు. ఒక్క లైను తక్కువ! దాచడం ఎందుకు, కింది లైన్లు బట్టీ పట్టే వెళ్లాను. డాక్టరుగారు బటన్ నొక్కగానే స్క్రీన్ మీద అక్షరాలు మారిపోయాయి. 'పీ'నో 'ఎఫ్'ఓ తేలక కళ్లు చికిలించాను. "అలా కాదు బాబూ, మామూలుగా చూడు" అన్నారు. చికిలిస్తే కాస్త స్పష్టంగా కనిపిస్తుందన్న కిటుకు ఆయనకి తెలియనిదా?

అసలు తప్పు ముందురోజు రాత్రి దాకా కాంటాక్ట్ లెన్సులు ఉంచుకోవడం. పొద్దున్నే అవి తీసి, రెండేళ్లనాటి కళ్లజోడు తగిలించుకుని వెళ్లాను. లెన్సు వల్ల కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఆకారం కొద్దిగా మారుతుంది, మళ్లీ కుదుటపడాలంటే సాఫ్ట్ లెన్సులకి రోజులు, రిజిడ్ లెన్సులకి వారాలు పట్టొచ్చు. ఇది నాకెవరూ చెప్పలేదు. అడగలేదు కూడా, సరే. మీరు మాత్రం డేట్ తీసుకునేటప్పుడే ఎన్నాళ్ల ముందు తీసేయాలో అడగండి. నేను రెండు వారాలు లెన్సుల జోలికి పోకుండా ఉండి పవర్ చూపించుకుంటే ఎడమ కంటి సిలిండర్ (అస్టిగ్మాటిజాన్ని సరిచేసే పవర్) మారిందన్నారు. కొత్త జోడుతో అదే కుర్చీలో కూర్చుని 6/6 లైను గుక్కతిప్పుకోకుండా చదివేశాను.

రంగుల చూపు పరీక్షకి రంగు చుక్కల్లో అంకెలుండే ఇషిహారా పుస్తకం వాడతారు. అందులో మొదటి ప్లేటు 12 అందరికీ కనిపిస్తుంది, దానికే మురిసిపోకండి. మిగతావి వరస మార్చి చూపిస్తారు, ఒక్కోదానికి మూడు నాలుగు సెకన్లే. ఫోన్లో ప్రాక్టీసు దండగ, స్క్రీన్ రంగుల్ని నమ్మలేం. పగటి వెలుతురు లాంటి లైటు కింద అసలు పుస్తకమే చూడాలి. తప్పినంత మాత్రాన కథ ముగియదు, చాలా దేశాల్లో రంగు దీపాలు గుర్తుపట్టే లాంతర్ టెస్టో, కంప్యూటర్ మీద రంగుల చూపు కొలిచే సీఏడీ టెస్టో ఉంటుంది. కానీ ఫ్లయింగ్ ఫీజు కట్టాక రంగుల చూపులో లోపం ఉందని తెలిస్తే ఎవరిని తిట్టుకుంటాం? మెడికల్ ముందు, ఫీజు తర్వాత. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి పొద్దున చార్టు మసగ్గా ఉందనేవాళ్ల మీద నాకు జాలి లేదు. నేనూ వాళ్లలో ఒకణ్నే అనుకోండి.

దగ్గరి చూపుకి ఎన్5 అనే చిన్న అచ్చు, మీటరు దూరంలో ఎన్14 అనే కాస్త పెద్ద అచ్చు చదవాలి. మన వయసుకి అదో లెక్క కాదు.

అంతా అయ్యాక డాక్టరుగారు "రెండో జోడు ఏది?" అన్నారు. కళ్లజోడుతో ఎగిరేవాళ్లకి అదే పవర్‌తో ఇంకోటి చేతికందేలా ఉండాలి కదా. బ్యాగులోంచి తీసి బల్లమీద పెట్టాను. మొదటిసారి నన్ను ముంచిన ఫ్రేమే. అద్దాలు మాత్రం కొత్తవి.