సుత్తి పక్కన పెట్టాను: మిల్లింగ్ మిషన్‌కి గాలి డ్రా బార్ కట్టిన నా అనుభవం

పోయిన ఎండాకాలం నాకు 80 అల్యూమినియం ప్లేట్ల ఆర్డర్ వచ్చింది. మిర్చి పొడి ప్యాకింగ్ మిషన్‌లో కూర్చునే చిన్న ప్లేట్లు. ఒక్కోదానికి సెంటర్ డ్రిల్, డ్రిల్, ఎండ్ మిల్, చివర్లో అంచు కొట్టడానికి చాంఫర్ టూల్. ముందు అన్ని ప్లేట్లకీ ఒకే టూల్ పని చేసేసి, తర్వాత రెండో టూల్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. నేనూ అలాగే మొదలుపెట్టాను. వైస్‌లోంచి తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ రంధ్రం వెంట్రుకవాసి జరుగుతోంది. పదో ప్లేటుకే ఆ తెలివి మానుకున్నాను. అంటే ఒక్కో ప్లేటుకీ నాలుగు టూళ్లు, మొత్తం 320 సార్లు టూల్ మార్చాలన్నమాట.

హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది నా మిషన్. బల్ల మీద పట్టేంతది, టూల్‌ని తిప్పే ఇరుసు (స్పిండిల్) ఆర్8 రకంది. టూల్ మార్చాలంటే ఎడమ చేత్తో స్పిండిల్ కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో పైనున్న డ్రా బార్‌కి, అంటే టూల్‌ని పట్టే కొల్లెట్‌ని స్పిండిల్‌లోకి లాగి బిగించే పొడవాటి కడ్డీకి, పానా వేసి తిప్పాలి. రెండు చుట్లు వదులయ్యాక దాని నెత్తిన సుత్తితో ఒక్కటివ్వాలి. ఆర్8 టేపర్ (కొల్లెట్ కూర్చునే శంకు ఆకారపు గూడు) ఏటవాలు ఎక్కువ కాబట్టి ఎంటీ3 అనే ఇంకో రకంలాగా పట్టుకుని కూర్చోదు, దానంతటదే వదిలేస్తుంది అంటారు. గంటసేపు కోత కోసి చూడండి, వదలదు. అసలు బాధ బిగించడంలో లేదు, ఊడదీయడంలోనే ఉంది. ఆ ప్రతి దెబ్బా స్పిండిల్ బేరింగుల మీదే పడుతుంది. ఆర్డర్ అయ్యేసరికి నా కుడి భుజం పైకి లేవలేదు.

గాలితో ఈ పని చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పెద్ద మిషన్లలో ఉండేది: గిన్నెల్లాంటి డిస్క్ స్ప్రింగులు డ్రా బార్‌ని ఎప్పుడూ పైకి లాగి పట్టుకుని ఉంటాయి, వదలాలంటే గాలితో పిస్టన్‌ని తోసే సిలిండర్ వాటిని కిందికి నొక్కాలి. ముందు దీని మీదే మనసు పడింది. లెక్క వేస్తే దిగిపోయింది. కొల్లెట్ గట్టిగా పట్టుకోవాలంటే టన్నుకు పైగా లాగుడు కావాలి. 100 మి.మీ. సిలిండర్‌కి 6 బార్ ఒత్తిడితో గాలి ఇచ్చినా వచ్చేది 480 కిలోల దాకానే. అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఆ బలమంతా బేరింగుల మీద పడకుండా స్పిండిల్‌నే పట్టుకునే పంజరం ఒకటి చేయాలి. సుత్తి దెబ్బల నుంచి బేరింగులను కాపాడబోయి వాటి నెత్తిన టన్ను బరువు పెట్టడమెందుకు?

రెండోది పంక్చర్ షాపు పద్ధతి. నట్లని కొట్టి కొట్టి తిప్పే చిన్న గాలి ఇంపాక్ట్ రెంచ్‌ని డ్రా బార్‌కి సరిగ్గా పైన బిగించాలి. మీట నొక్కగానే ఒక సిలిండర్ దాన్ని కిందికి దించుతుంది, సాకెట్ డ్రా బార్ తలకున్న ఆరు పలకల హెక్స్ మీద కూర్చుంటుంది, టకటకా తిప్పేస్తుంది. ఇదే ఖాయం చేసుకున్నాను.

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి రాణిగంజ్‌లో సామాను కొన్నాను. సీతాకోకచిలుక రెక్కలాంటి మీట ఉండే మూడు బై ఎనిమిది అంగుళాల ఇంపాక్ట్ రెంచ్, రెండు పుష్ బటన్ వాల్వులు, ఏ బటన్ నొక్కినా సిలిండర్‌కి గాలి పోనిచ్చే ఒక షటిల్ వాల్వ్, గాలి వేగాన్ని తగ్గించే ఫ్లో కంట్రోళ్లు, గాలి పోయే పీయూ ట్యూబు, ఫిట్టింగులు. పెద్దదైతే మేలని 63 మి.మీ. సిలిండర్ చేతిలోకి తీసుకుని, కౌంటర్ మీదే కాలిక్యులేటర్ కొట్టి పక్కన పెట్టేశాను. 40 మి.మీ. దానికి 6 బార్‌లో 75 కిలోల తోపుడు వస్తుంది, అది చాలు. అన్నీ కలిపి 9 వేలు దాటింది. కంప్రెసర్ ముందే ఉంది.

డ్రా బార్ నేనే చేశాను. ఇంట్లో ఉన్న మైల్డ్ స్టీల్ కడ్డీకి కింద ఏడు బై పదహారు అంగుళాల మర, పైన 19 సైజు హెక్స్. మూడో రోజుకి హెక్స్ మూలలు అరిగి గోళీకాయలా అయింది. ఆ ముక్క పట్టుకుని మా గల్లీ చివర లేత్ నడిపే కాక దగ్గరికి పోయాను. వేళ్లతో తడిమి నవ్వాడు. "గది మెత్త ఇనుము బిడ్డా. దినాం వంద సార్లు కొడ్తే ఆగుతదా? ఈఎన్ 24 తెచ్చుకో." ఆ గట్టి రకం ఉక్కే తెచ్చుకున్నాను.

అయితే తప్పు ఇనుముది ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. బటన్ నొక్కగానే గాలి సిలిండర్‌కీ రెంచ్‌కీ ఒకేసారి పోతోంది. సాకెట్ హెక్స్ మీద పూర్తిగా కూర్చోకముందే గిర్రున తిరుగుతూ మూలలను కొరికేస్తోంది. రెంచ్ లైనులో ఫ్లో కంట్రోల్‌ని బాగా బిగించాను. ఇప్పుడు సాకెట్ మెల్లగా తిరుగుతూ దిగుతుంది, హెక్స్‌ని వెతుక్కుని టక్కున కూర్చుంటుంది, ఆ తర్వాతే కొట్టడం మొదలుపెడుతుంది. ఆ "టక్" వినబడే దాకా ఫ్లో కంట్రోల్ మరని కొద్దికొద్దిగా తిప్పుకుంటూ ఒక సాయంత్రమంతా గడిచిపోయింది.

బిగించే వైపు గాలి 3 బార్‌కి తగ్గించాను, వదిలే వైపు 6 బార్ పూర్తిగా ఉంచాను. రెండింటికీ ఒకే ప్రెషర్ ఇస్తే అది బిగించిందాన్ని అదే ఊడదీయలేదు. మొదటి రోజు నాకు జరిగిందదే, మళ్లీ పానా, సుత్తి తీయాల్సి వచ్చింది. వదిలేటప్పుడు ఇంకో మేలు కూడా ఉంది. మర వదులయ్యే కొద్దీ డ్రా బార్ పైకి లేస్తుంటే, సిలిండర్ 75 కిలోలతో దాన్ని కిందికే తోస్తుంటుంది. దానికి రెంచ్ అదురు తోడై కొల్లెట్ పుటుక్కున ఊడి చేతిలో పడుతుంది.

చిన్న మిషన్‌తో ఒక చిక్కుంది. స్పిండిల్ తేలిక కాబట్టి రెంచ్‌తో పాటు అదీ తిరిగిపోతుంది. బెల్టు తక్కువ స్పీడు పుల్లీ మీద ఉంటే ఈ గొడవ చాలా తగ్గుతుంది. అప్పుడు స్పిండిల్ తిరగాలంటే మోటార్ అంతకంటే ఎక్కువ చుట్లు తిరగాలి, ఆ బరువే స్పిండిల్‌ని ఆపుతుంది. ఎక్కువ స్పీడులో పెట్టిన రోజు మాత్రం ఇప్పటికీ స్పిండిల్‌ని ఆపే పిన్ను పట్టుకోవాల్సిందే.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. ఒక మధ్యాహ్నం బిగించడం అయ్యాక సాకెట్ పైకి లేవలేదు. హెక్స్ మీద చిన్న గీరు లేచి పట్టేసింది, సిలిండర్ స్ప్రింగుకి దాన్ని లాగే బలం లేదు. నేను చూసుకోలేదు, స్టార్ట్ నొక్కేశాను. స్పిండిల్ తిరుగుతోంది, పైన రెంచ్ డ్రా బార్‌ని వెనక్కి పట్టుకుని ఉంది. అంటే తిరిగే స్పిండిల్ లెక్కలో డ్రా బార్ ఊడే వైపు తిరుగుతున్నట్టే. రెండు క్షణాల్లో కొల్లెట్ వదులై, 10 మి.మీ. ఎండ్ మిల్ ప్లేటు మీద పడి ఎగిరి గోడకి కొట్టుకుంది. నా కళ్లద్దాలకి అడుగు దూరంలో. మిషన్ ఆపేసి చాలాసేపు బయట వేపచెట్టు కింద కూర్చున్నాను.

మరుసటి రోజే ఒక లిమిట్ స్విచ్ పెట్టాను. సిలిండర్ పూర్తిగా పైకి పోయి దాన్ని తాకితేనే మోటార్‌ని ఆన్ చేసే కాంటాక్టర్‌కి కరెంటు పోతుంది. సాకెట్ వేలెడంత కిందున్నా స్టార్ట్ బటన్ పలకదు. మొదటే పెట్టాల్సింది అది. ఇంత తతంగానికి 9 వేలు పోసి, ఆ చిన్న స్విచ్ దగ్గర లోభించాను.

చిల్లర తిప్పలకి లెక్కలేదు. హెడ్ పూర్తిగా పైకెత్తితే రెంచ్ పోయి ట్యూబులైటుకి తగిలింది, లైటు పక్కకి జరిపాను. వానాకాలం ట్యాంకులోంచి తుప్పునీళ్లు రెంచ్‌లోకి పోయి ఒకరోజు అది మూగబోయింది. ఇప్పుడు లైనులో నీళ్లు పట్టే ఫిల్టరు, నూనె వేసే గిన్నె ఉన్నాయి, పొద్దున్నే ట్యాంకు కింది కుళాయి విప్పుతాను. ఇంట్లో మాత్రం చప్పుడు మీద రాజీ కుదరలేదు. "సుత్తి చప్పుడే నయముండె, పంక్చర్ షాపు పెట్టిన్రా ఏంది?" అంటుంది మా ఆవిడ.

టూల్ మార్చడం ఇప్పుడు పది సెకన్ల పని. పోయిన వారం కాక వచ్చి బటన్ నాలుగుసార్లు నొక్కి చూసి, "నా మిషన్‌కి గూడ ఒకటి కట్టియ్యిరా" అన్నాడు. ఆయన మిల్లింగ్ మిషన్‌ది ఎంటీ3 స్పిండిల్. దానికి తోపుడు చాలదు, డ్రా బార్ పైకి లేవకుండా పైన ఒక కాలరు ఆపాలి, అప్పుడే మర విప్పుతుంటే కొల్లెట్‌ని తోసేస్తుంది. ఆ కాలరు ఆయన లేత్ మీదే తీయమని కొలతలు రాసిచ్చాను.