కింగ్స్ మౌంటెన్ గుట్ట మీద అక్టోబర్ 7

నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి ఐ-85 హైవే మీద పడమరగా వెళ్తే గంటలోపే ఎగ్జిట్ 2 వస్తుంది. అక్కడ దిగి 216 రోడ్డు పట్టుకుంటే, రాష్ట్ర సరిహద్దు దాటిన కాసేపటికి సౌత్ కరోలినా వైపు కింగ్స్ మౌంటెన్ జాతీయ సైనిక పార్కు. ప్రవేశ రుసుము లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇక్కడ జరిగిన పోరు సంస్మరణ రోజున సభ వేళకు చేరుకుంటే కారు పెట్టడానికే సరిపోతుంది కాబట్టి ముందే వెళ్లి, ముందు గుట్ట చుట్టూ తిరిగాను. ఒకటిన్నర మైళ్ల బాట, తారు పరిచిందే. కానీ కొన్నిచోట్ల ఏటవాలు గట్టిగా ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా నడవాలి.

పేరులో మౌంటెన్ ఉన్నా అది చుట్టుపక్కల నేలకన్నా అరవై అడుగులు లేచిన పొడుగాటి గుట్ట, అంతే. 1780 అక్టోబర్ 7 మధ్యాహ్నం బ్రిటిష్ సేనాని మేజర్ ప్యాట్రిక్ ఫెర్గూసన్ రాజు పక్షం వహించిన సుమారు 1,100 మందితో దీని మీద ఉన్నాడు. రాజును ఎదిరించిన సుమారు 900 మంది తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. ఒక గంట పైచిలుకులో అంతా అయిపోయింది. చెట్ల చాటున రైఫిళ్లతో ఎక్కినవాళ్లకు గురి కుదిరింది. పైనుంచి కిందికి కాల్చినవాళ్ల గుండ్లు తలల మీదుగా పోయాయి. రైఫిలుకు బాయ్‌నెట్ (కొసన బిగించే కత్తి) ఉండదు, మందు దట్టించడానికీ ఆలస్యం. అందుకే పైవాళ్లు బాయ్‌నెట్లతో దూకినప్పుడల్లా కిందికి పరుగెత్తి, మళ్లీ ఎక్కారు. అన్నిటికన్నా ముఖ్యం: ఆ రోజు గుట్ట మీద బ్రిటన్ నుంచి వచ్చినవాడు ఫెర్గూసన్ ఒక్కడే. మిగతా అంతా, చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ, ఈ దేశంవాళ్లే.

బాట పక్కన స్మారకాల్లో ముఖ్యమైనవి మూడు. 1815లో పెట్టిన చిన్న రాయి అక్షరాలు అరిగిపోతే 1914లో పక్కనే నకలు నిలబెట్టారు. 1880 నాటి శతాబ్ది స్తంభం 28 అడుగులు. 1909లో కేంద్ర ప్రభుత్వం కట్టించిన తెల్లని స్తంభం 83 అడుగులు.

సభ నడిపేవాళ్లలో ప్రధానమైనవి రెండు వంశ సంఘాలు. మగవాళ్లది సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, 1889లో పుట్టింది. ఆడవాళ్లది డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, 1890. చేరాలంటే విప్లవానికి తోడ్పడిన పూర్వీకుడి దాకా ప్రతి తరానికీ కాగితం చూపాలి. తుపాకీ పట్టడం ఒక్కటే సేవ కాదు, సైన్యానికి ధాన్యం ఇచ్చినా, విధేయత ప్రమాణం చేసి సంతకం పెట్టినా లెక్కే. డాటర్స్ లెక్కలో ఆ సేవ 1775 ఏప్రిల్ 19కీ 1783 నవంబర్ 26కీ మధ్య జరిగి ఉండాలి.

మన దగ్గర ప్రవర నోటితో చెప్తే చాలు, ఇక్కడ చెల్లదు. వంశపు తీగ ఎక్కువగా తెగేది 1850కి ముందు తరాల్లో. అంతకుముందు జనగణనలో ఇంటి యజమాని పేరే రాసేవాళ్లు, మిగతావాళ్లు వట్టి అంకెలు. దానికితోడు 1800 నవంబర్ 8న యుద్ధశాఖ కార్యాలయం తగలబడి సైనికుల పత్రాలు పోయాయి. దిక్కు 1832 పింఛను చట్టం కింద వచ్చిన దరఖాస్తులే: డెబ్బై దాటిన ముసలివాళ్లు కోర్టులో నిలబడి, ఏ కెప్టెన్ కింద ఎన్ని నెలలు, ఎక్కడెక్కడ తిరిగామో చెప్పిన మాటలు. అంటే నోటిమాటే, గుమాస్తా రాయడం వల్ల రుజువైంది! ఇంకో ఉచ్చు ఒకే పేరు. ఒకే కౌంటీలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఒకడి సేవ ఇంకొకడి సమాధికి అంటుకుంటుంది. భార్య పేరు, భూమి హద్దులు, వీలునామా పోల్చి విడదీయాలి.

ఇక తంతు. ముందు కలర్ గార్డ్ జెండాలతో నడిచి వస్తుంది. మూడు మూలల టోపీలు, నీలం కోట్లు కొందరికి. మిలీషియా (ఊరి జనసేన) వేషం కట్టినవాళ్లకు అంచు కుచ్చుల నార చొక్కాలు. ఈ ఊళ్లో రెండోదే ఎక్కువ నప్పుతుంది, ఆనాడు కొండలు దాటి వచ్చిన తిరుగుబాటుదారులకు యూనిఫారాలు లేవు. అక్టోబర్ ఎండలో ఉన్ని కోటుతో మోకాళ్లు బిగించి నిలబడితే కళ్లు తిరుగుతాయి, మోకాలు కాస్త సడలించి నిలబడాలి. రాష్ట్ర జెండాలు, సంఘాల జెండాలు వందనంగా వంచవచ్చు. జాతీయ జెండాను ఎవరికీ వంచరు.

ప్రార్థన, ప్రతిజ్ఞ, ప్రసంగం అయ్యాక పూలచక్రాలు. సంఘం పేరు పిలుస్తారు, ప్రతినిధి వచ్చి చక్రాన్ని మూడు కాళ్ల తీగ స్టాండు మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి వందనం చేసి తప్పుకుంటాడు. ఒక్కొక్కరికి అర నిమిషం అనుకున్నా నలభై చక్రాలకు ఇరవై నిమిషాలు. గడ్డిలో అయితే కాళ్లు గుచ్చవచ్చు, రాతి మీద గాలికి దభాలున పడతాయి. మీరు తెచ్చేట్టయితే కాళ్లకు బరువు కట్టండి, రిబ్బను మీద అక్షరాలు పెద్దవి రాయించండి.

తర్వాత తుపాకీల వందనం, గుండ్లు లేకుండా. పళ్లు పెట్టి కాగితపు తోటా చింపి, చిటికెడు రంజకం తుపాకీ పక్కనున్న చిన్న పళ్లెంలో పోసి మూసి, మిగతా మందు గొట్టంలో పోస్తారు. మందు దట్టించే గజం కడ్డీ ముట్టరు: లోపల మరిచిపోతే బాణంలా దూసుకుపోతుంది. చెకుముకి రాయి మొద్దుబారితే నిప్పురవ్వ రాదు. పళ్లెం నుంచి గొట్టంలోకి వెళ్లే రంధ్రం మసితో మూసుకుంటే పళ్లెంలో భగ్గుమని ఊరుకుంటుంది, గొట్టం పేలదు. అసలు ప్రమాదం అది కాదు. పక్కవాళ్ల మోతలో తనది పేలలేదని తెలియక దాని మీదే రెండోసారి మందు పోయడం. అందుకే పేలనివాడు మూతి పైకి పెట్టి అలాగే ఆగి, ఆ వరుసలో మళ్లీ నింపడు. పిల్లల్ని తీసుకెళ్తే చెవుల్లో దూది పెట్టండి.

ఇలాంటి సభల్లో మాజీ సైనికుల్ని లేచి నిలబడమనడం మామూలే. డాటర్స్ వాళ్లు వియత్నాం కాలపు సైనికులకు పిన్ను ఇస్తూ వచ్చారు. 1955 నవంబర్ 1 నుంచి 1975 మే 15 మధ్య సైన్యంలో ఉంటే చాలు, వియత్నాం వెళ్లి ఉండక్కర్లేదు. బతికున్నవాళ్లకే, ఒక్కసారే.

చివర్లో బ్యూగిల్ ఆగాక చాలామంది కార్ల వైపు నడుస్తారు. బాట వెంట ఇంకాస్త దిగితే ఫెర్గూసన్ సమాధి, రాళ్ల గుట్ట. వచ్చినవాళ్లు తలా ఒక రాయి వేసి పెంచిందే. పక్కనే 1930 అక్టోబర్ 7న అమెరికా పౌరుల పేరిట, బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలతో స్నేహానికి గుర్తుగా పెట్టిన రాయి ఉంది. శత్రు సేనానికి గౌరవం దక్కింది. అతని వెంట పోరాడిన ఇరుగుపొరుగువాళ్ల సంగతి వేరు. యుద్ధమైన వారానికి, అక్టోబర్ 14న, పట్టుబడ్డవాళ్లలో తొమ్మిదిమందిని ఉరితీశారు. రాజు పక్షం వహించినవాళ్ల వారసులకు కెనడాలో వేరే సంఘం ఉంది. కరోలినాల్లో చాలా కుటుంబాలకు ఒక తాత ఇటు, ఒక తాత అటు. దరఖాస్తులో ఇటు తాత పేరే రాస్తారు.