ఎస్కేప్ నొక్కినా ఆగని ఆట

మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మెల లోకంలో తవ్వుకుంటూ, కట్టుకుంటూ ఆడే వీడియో గేమ్. చాలాకాలం దాన్ని నేను ఒక్కణ్ణే ఆడుకున్నాను. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్, దెబ్బలు తిని చచ్చిపోయే వీలున్న సర్వైవల్ మోడ్, పర్లాకిమిడిలో మా మేడ మీది గది. అమ్మ భోజనానికి పిలిస్తే ఎస్కేప్ నొక్కేవాణ్ణి. మీదికొస్తున్న జాంబీ ఎక్కడిదక్కడే ఆగిపోయేది. తీరిగ్గా తినొచ్చి దాని సంగతి చూసేవాణ్ణి.

దసరా సెలవులకి పాతపట్నం నుంచి మా పిన్ని కొడుకు, బరంపురం నుంచి నాతో చదివిన ఒడియా స్నేహితుడు వచ్చారు. ఒకే వైఫైలో ఉన్నాం కదా, నా ఆటలో 'ఓపెన్ టు లాన్' నొక్కగానే స్నేహితుడి ల్యాప్‌టాప్ వచ్చి కలిసింది. తమ్ముడి దగ్గరున్నది ఫోన్, అంటే బెడ్‌రాక్ ఎడిషన్. ఆ రెండు ఎడిషన్లూ నేరుగా కలవవు. వాడు మూతి ముడుచుకుని పక్కన కూర్చున్నాడు.

సెలవులయ్యి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లాక మొదలైంది అసలు తంటా. నా ల్యాప్‌టాప్‌నే సర్వర్ (అందరూ వచ్చి కలిసే కంప్యూటర్) చేద్దామని, బయటివాళ్లని దానిదాకా పంపేలా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను. ఎవరూ లోపలికి రాలేకపోయారు. చివరికి చూస్తే రౌటర్‌కి వచ్చిన ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని చిరునామా) 100తో మొదలవుతోంది, బయట వెబ్‌సైట్లలో నాదని చూపించేది వేరే. 100.64 నుంచి 100.127 దాకా ఉండే అడ్రసులు వచ్చాయంటే, నెట్ ఇచ్చేవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి పంచుతున్నారని అర్థం. మనం ఇంటి తలుపులు బార్లా తీసి కూర్చున్నా వీధి గేటు తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. దాంతో ఆ ప్రయత్నం మానేసి, ఉచితంగా దొరికే సర్వర్ ఒకటి పట్టాం. అందులో గీజర్ అనే ప్లగిన్ (సర్వర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) వేస్తే ఫోన్లో బెడ్‌రాక్ ఆడేవాళ్లు కూడా జావా సర్వర్‌లోకి రాగలరు. ఆ రోజు తమ్ముడి అరుపులకి పిన్ని ఫోన్ లాక్కుని నన్ను నాలుగు తిట్టింది.

ఇక ఆట. ముందుగా నన్ను ఏడిపించింది క్రీపర్, దగ్గరికొచ్చి పేలిపోయే జీవి. అది ఉబ్బడం మొదలెట్టాక పేలడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఒంటరి ఆటలో రెండడుగులు వెనక్కేస్తే చాలు. సర్వర్‌లో అలా కుదరదు. అది ఎక్కడుందో, ఏం చేస్తోందో సర్వర్ చెప్పాకే నాకు తెలుస్తుంది, నా కదలిక సర్వర్‌కి చేరడానికి మళ్లీ కొంత టైమ్. సాయంత్రం నెట్ నెమ్మదించే వేళ నాకది కనిపించేసరికే సగం పని అయిపోయి ఉండేది. తవ్విన రాయి కూడా మాయమై మళ్లీ ప్రత్యక్షమయ్యేది.

చావు లెక్క కూడా మారిపోయింది. ఇది చాలామందికి తెలీదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చనిపోతే మన సామాన్లు నేల మీద పడతాయి, 5 నిమిషాల్లో మాయమవుతాయి. అయితే ఆ చుట్టుపక్కల ప్రాంతం ఆటలో లోడ్ అయి ఉన్నప్పుడే ఆ గడియారం నడుస్తుంది. ఒంటరిగా ఆడుతూ ఇంటికి బాగా దూరంలో చనిపోతే మన మంచం దగ్గర లేస్తాం, అక్కడ గడియారం ఆగిపోతుంది, నింపాదిగా నడిచి వెళ్లొచ్చు. సర్వర్‌లో మన సామాన్ల పక్కన ఇంకొకడు తిరుగుతుంటే అది నడుస్తూనే ఉంటుంది. ఒకసారి నేను గుహలో లావాకి కాస్త ఇవతల చనిపోతే, తమ్ముడు "అన్నయ్యా, కాపలా ఉన్నా, నువ్వు రా" అన్నాడు. "కాపలా వద్దురా బాబూ, ఏరి జేబులో వేసుకో, లేదంటే అక్కణ్ణుంచి దూరంగా పో!" అని నేను ఫోన్లో కేకలు.

కరెంటు పోతే మరో టెన్షన్. మా వైపు వేసవిలో సాయంత్రం గాలివాన వస్తే ముందు పోయేది కరెంటే. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కి ఉండదు. మనం పోయామని సర్వర్ గ్రహించడానికి అర నిమిషం దాకా పట్టొచ్చు, ఈలోగా మన మనిషి బొమ్మలా నిలబడి దెబ్బలు తింటాడు. ఆ తర్వాత మాయమైపోతాడు కాబట్టి నయం. రస్ట్ అనే మరో ఆన్‌లైన్ ఆటలో అయితే లాగౌట్ అయినా ఒళ్లు అక్కడే పడుకుని ఉంటుంది, దారిన పోయేవాడు వచ్చి దోచుకోవచ్చు. ఆ ఆట జోలికి నేను పోను.

నిద్ర గొడవ ఇంకోటి. మామూలుగా సర్వర్‌లో ఉన్నవాళ్లంతా పడుకుంటేనే రాత్రి గడుస్తుంది. తమ్ముడు గనిలోంచి పైకి రాడు, బరంపురం వాడు మంచం మీంచి "శోయి పడ భాయ్!" (పడుకోరా భాయ్) అని ఒడియాలో అరుస్తాడు, వీడు "ఒక్క నిమిషం" అంటాడు. 2021లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి ఎంత శాతం మంది పడుకుంటే చాలో మనమే పెట్టుకోవచ్చు. 50 పెట్టాను, ముగ్గురిలో ఇద్దరు పడుకుంటే తెల్లారిపోతుంది.

ఒంటరి ప్రపంచం ఇంకా ఉంచుకున్నాను. రెడ్‌స్టోన్ పనులు (ఆటలో కరెంటు తీగల్లా వాడే పొడితో చేసే యంత్రాలు) ముందు అక్కడ చేసి చూసుకుని, కుదిరితేనే సర్వర్‌లో కడతాను. మొదలుపెట్టేవాళ్లకి కూడా కొన్నాళ్లు అదే మంచిదని నా అభిప్రాయం. తమ్ముడు ఒప్పుకోడు, ఒక్కడే ఆడితే బోరంటాడు. వచ్చే ఆదివారం నెదర్‌కి, అంటే ఆటలోని నరకంలాంటి లోకానికి, వెళ్తున్నాం. అక్కడ మంచమెక్కితే పేలిపోతుంది కనుక పడుకోమని ఎవరూ అరవక్కర్లేదు. వాడి ఉత్సాహమంతా అందుకే.