తేదీ లేని కాగితం

కర్నూలులోని ఒక బోధనాసుపత్రిలో నేను గ్రంథపాలకురాలిగా పనిచేస్తున్నాను. చాలాకాలంగా వాయిదా పడుతూ వచ్చిన రెండు పనులు ఈ నెలలో ఒక కొలిక్కి వచ్చాయి. కోవిడ్ కాలపు మార్గదర్శకాలు, చికిత్సా పత్రాలు, వ్యాసాలు దాచిన బీరువాను పై అర నుంచి కింది అర దాకా సరిచూసి తిరిగి అమర్చాను. మా వైద్యులు, నర్సులు, ప్రయోగశాల సిబ్బంది చేసిన పరిశోధనలన్నిటికీ కలిపి ఒకే రిజిస్టరు తెరిచాను. వేర్వేరుగా కనిపించే ఈ రెండు పనులకూ నన్ను పురికొల్పింది ఒకే సంఘటన కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు మా జిల్లాలోనే నమోదయ్యాయి. పఠన మందిరానికి తాళం వేశాం గాని గ్రంథాలయం పని ఆగలేదు, నిజానికి అంతకుముందెన్నడూ లేనంతగా పెరిగింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ తన చికిత్సా విధానం మూడో కూర్పును జూన్ 13న, నాలుగో కూర్పును జూన్ 27న, ఐదో కూర్పును జూలై 3న విడుదల చేసింది. వచ్చిన ప్రతి కూర్పునూ చదివి, ముఖ్యమైన అంశాలను ఒక్క పేజీకి కుదించి, జిరాక్సులు తీయించి వార్డులకు పంపేదాన్ని. జూలై రెండో వారంలో ఒక హెడ్ నర్సు ఫోన్ చేసి, "మేడం, మా గోడమీద రెమ్‌డెసివిర్ ఆరు రోజులని ఉంది, పక్క వార్డులో ఐదు రోజులని ఉంది, రెండూ మీరు పంపినవే, ఏది చూడమంటారు?" అని అడిగారు.

మూడో కూర్పు ప్రకారం వైరస్ మీద వాడే ఈ మందు మొదటి రోజు 200 మిల్లీగ్రాములు, తరువాత ఐదు రోజులు 100 చొప్పున, మొత్తం ఆరు రోజులు. ఐదో కూర్పు దానిని ఐదు రోజులకు తగ్గించింది. రెండు కాగితాలూ అవి తయారైన రోజుకు సరైనవే, కాని వాటి మీద తేదీ లేదు. తేదీ వేయనిది నేనే. డ్యూటీ డాక్టరు కేస్ షీటులో సరైన మోతాదే రాసి ఉండడంతో ఎవరికీ హాని జరగలేదు. అయినా మరునాడు సిస్టర్ల సాయంతో అన్ని వార్డుల గోడలమీది నా కాగితాలను తెప్పించి చూస్తే, సగానికి పైగా పాతవే తేలాయి. కొత్తది పంపడమే నా పని అనుకున్నానే గాని, పాతది తీసివేయడం కూడా నా పనేనని అంతవరకు నాకు తట్టలేదు.

అప్పటినుంచి గ్రంథాలయం నుంచి బయటికి వెళ్లే ప్రతి కాగితం కుడివైపు మూలన తేదీ, కూర్పు సంఖ్య, అది ఏ కాగితాన్ని రద్దు చేస్తుందో తెలిపే ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటున్నాయి. పాత కాగితం చేతికి వస్తేనే కొత్తది ఇస్తాను. ఈ పద్ధతి మొదట్లో కొందరికి చాదస్తంగా తోచింది. ఇప్పుడు డెంగ్యూ, పాముకాటు చికిత్సా పత్రాలకు కూడా ఇదే పద్ధతి కావాలని విభాగాలవారే అడుగుతున్నారు.

బీరువా సరిచూసేటప్పుడు నేను తీసుకున్న పెద్ద నిర్ణయం, రద్దయిన పత్రాలను పారవేయకూడదన్నది. మలేరియా మందైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కోవిడ్‌కు వాడినవారిలో మరణాలు ఎక్కువని చెప్పిన వ్యాసం 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దాని ప్రభావంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగంలో ఆ మందు భాగాన్ని కొద్దిరోజులు నిలిపివేసింది. ఆధారమైన సమాచారాన్ని సర్జిస్ఫియర్ అనే సంస్థ తనిఖీకి ఇవ్వకపోవడంతో రచయితలే జూన్ 4న ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. పదమూడు రోజుల ఆయుష్షున్న ఆ వ్యాసం ప్రతి ఇప్పుడు మా బీరువాలో ఎర్ర సిరాతో "ఉపసంహరించబడినది" అన్న ముద్రతో వేరే అరలో ఉంది. పదేళ్ల తరువాత ఎవరైనా ఆనాటి కేస్ షీటు తిరగేసి, ఈ మందు ఎందుకు ఆపారు, ఆ మందు ఎందుకు మొదలుపెట్టారు అని అడిగితే, ఆ రోజున వైద్యుని కళ్లముందు ఏ కాగితం ఉందో చూపగలగాలి. అది లేకుండా వారి నిర్ణయాలను తూచడం న్యాయం కాదు.

ప్లాస్మా చికిత్స విషయంలో నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మన దేశంలోనే 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద జరిపిన ప్లాసిడ్ పరీక్ష ఫలితాలు 2020 అక్టోబరులో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించడం వల్ల వ్యాధి ముదరడం గాని, మరణాలు గాని తగ్గలేదని అది తేల్చింది. జాతీయ మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తొలగించింది మాత్రం 2021 మే 17న. మధ్యలో రెండో అల వచ్చింది. దాతల కోసం బంధువులు ఊళ్లు పట్టుకుని తిరిగారు. ఆ వ్యాసం అక్టోబరు నాటికే నా దగ్గర ఉంది, వైద్యులకు పంపాను కూడా. దాని సారాంశాన్ని రోగుల బంధువులకు అర్థమయ్యే తెలుగులో ఒక్క పేజీగా రాసి రక్తనిధి దగ్గర అంటించి ఉంటే కొందరికైనా ఆ తిరుగుడు తప్పేదేమో.

ఒక ఫలితం చేతులు మారేకొద్దీ అందులో సగమే మిగులుతుందని నేర్పింది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు. 2020 జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష నిర్వాహకులు ప్రకటించిన ఫలితంలో రెండు భాగాలున్నాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయన్నది మొదటి భాగం. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల ప్రయోజనం లేదన్నది రెండో భాగం. జనంలోకి మొదటి భాగమే వెళ్లింది. మామూలు జ్వరానికే స్టెరాయిడ్ మాత్రలు మింగినవారు, మధుమేహం అదుపులో లేనివారు 2021 మేలో బ్లాక్ ఫంగస్‌తో వచ్చి, దానికి వాడే యాంఫోటెరిసిన్ మందు దొరకక అల్లాడిన రోజులను ఈ ఊరిలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే మా కొత్త సారాంశ పత్రంలో "ఆక్సిజన్ అవసరం లేని రోగికి ఇవ్వవద్దు" అన్న వాక్యం మోతాదు కంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉంది.

నర్సుల కోసం, రోగి పక్కనుండే బంధువుల కోసం తయారుచేసిన తెలుగు పత్రాలను కూడా ఈసారి తిరగరాశాను. "ప్రోనింగ్" అని రాసి ఎన్ని పోస్టర్లు అంటించినా ఉపయోగం లేదు, "బోర్లా పడుకోండి" అంటే ఆదోని నుంచి వచ్చిన పెద్దాయనకైనా, గద్వాల నుంచి వచ్చిన ఆడపడుచుకైనా వెంటనే తెలుస్తుంది. భోజనం చేసిన గంట వరకు బోర్లా పడుకోకూడదని, గర్భిణులు, తీవ్రమైన గుండె జబ్బున్నవారు ఆ పని చేయకూడదని అందులోనే చేర్చాను. ఆక్సిజన్ శాతం 92 నుంచి 96 మధ్య ఉంటే చాలునని, 100 చూపించాలని ఫ్లో పెంచుకుంటూ పోనక్కరలేదని స్టాఫ్ నర్సుల పత్రంలో ఉంది. సిలిండర్లు లెక్కపెట్టుకున్న రోజుల్లో ఆ ఒక్క వాక్యం విలువ వారికే తెలుసు.

పీజీ విద్యార్థులకు వెతుకులాట గురించి ఒక మాట. ఈ వ్యాధికి కోవిడ్-19 అన్న పేరు వచ్చింది 2020 ఫిబ్రవరి 11న. అంతకుముందు వచ్చిన వ్యాసాల్లో 2019 నావెల్ కరోనా వైరస్ అనే ఉంటుంది కాబట్టి, వైద్య వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో కొత్త పేరుతో మాత్రమే వెతికితే తొలి వారాల నివేదికల్లో కొన్ని జారిపోవచ్చు. జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో వ్యాసాలు దాచుకుంటే, వాటిలో ఏదైనా ఉపసంహరణకు గురైనప్పుడు అదే హెచ్చరిస్తుంది. థీసిస్ సమర్పించే ముందురోజు ఒకసారి ఆ జాబితా చూసుకోండి.

ఇక సిబ్బంది పరిశోధనల రిజిస్టరు. తేదీ లేకపోతే ఏ కాగితం కొత్తదో తెలియనట్టే, పేరు సరిగా లేకపోతే వ్యాసం ఎవరిదో తెలియదు. మన పేర్లే ఇంత చిక్కు తెస్తాయని నేను ఊహించలేదు. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. విదేశీ పత్రికలు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో ఒకే డాక్టరు ఒక వ్యాసంలో "రెడ్డి కె", ఇంకొక దానిలో "కె వి", మరొక దానిలో పూర్తి పేరుతో కనిపిస్తారు, "రెడ్డి కె" అని వెతికితే వందలమంది బయటికి వస్తారు. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న డాక్టరమ్మల తొలి వ్యాసాలైతే వారి ఖాతాలోకే రావడం లేదు. అందుకని ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి ఆర్కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు సంఖ్య తీయిస్తున్నాను. పదహారు అంకెల ఆ సంఖ్య ఉచితం, పది నిమిషాల పని. పేరు ఎలా అచ్చయినా వ్యాసం మాత్రం మనిషిని వెతుక్కుంటూ వస్తుంది.

పదోన్నతికి వ్యాసాలు కావాలి కాబట్టి, వారంలో అచ్చు వేస్తామని, ఫీజు కడితే చాలునని ఈమెయిళ్లు పంపే పత్రికల వలలో మావారు కూడా కొందరు పడ్డారు. వారిని తప్పుపట్టను. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పత్రిక మంచిచెడ్డలు విచారించే తీరిక ఎవరికుంటుంది? ఆ విచారణ గ్రంథాలయం పని. డబ్బు కట్టేముందు పత్రిక పేరు నాకు పంపితే, అది పబ్‌మెడ్‌లో గాని, స్కోపస్ అనే సూచికలో గాని, ఉచితంగా చదవగల పత్రికల జాబితా అయిన డీఓఏజేలో గాని నిజంగా ఉందో లేదో ఆ సాయంత్రానికే చూసి చెబుతాను. చదవడానికి పత్రికలు దొరకడం లేదన్న పాత బాధ మాత్రం చాలావరకు తీరింది. 2025 జనవరి నుంచి అమలైన ఒకే దేశం ఒకే చందా పథకం ద్వారా 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. గ్రంథాలయోద్యమాన్ని నడిపినవారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టిన ఊరు ఇది. ఆ ఊరి వైద్యవిద్యార్థి లండన్‌లోని విద్యార్థి చదివే పత్రికను అదే రోజున చదవగలగడం నాకెంతో సంతోషం కలిగిస్తుంది.

రిజిస్టరులో ఇంకా ఖాళీలున్నాయి. 2020, 2021లలో చేరిన పీజీల్లో చాలామంది కోవిడ్ వార్డుల్లోనే తమ థీసిస్‌కు సమాచారం సేకరించి, చదువు ముగించి వెళ్లిపోయారు. బైండు చేసిన కాపీ ఒకటి అరలో ఉంది గాని, అందులోని విషయం ఏ పత్రికకూ చేరలేదు, ఏ వెతుకులాటలోనూ దొరకదు. వారి ఫోన్ నంబర్లు విభాగాల నుంచి సేకరించి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. స్కాన్ చేసి డీస్పేస్ అనే డిజిటల్ భాండాగారంలో ఉంచడానికి సంతకం చేసిన అంగీకార పత్రం పంపితే చాలు, మిగిలినదంతా నేను చూసుకుంటాను.

ఆనాడు నాకు ఫోన్ చేసిన హెడ్ నర్సు ఉద్యోగ విరమణ చేస్తూ తన నోటు పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఏ బెడ్డుకు ఏ పూట ఎంత ఆక్సిజన్ పెట్టారో, ఎవరిని ఎంతసేపు బోర్లా పడుకోబెడితే శాతం ఎంత పెరిగిందో నెలల తరబడి చేత్తో రాసిన పుస్తకం అది, ప్రతి పేజీకి తేదీ ఉంది. రోగుల పేర్లున్నందువల్ల ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేవరకు దానిని తాళం వేసిన బీరువాలోనే ఉంచాను. రిజిస్టరులో మాత్రం నర్సింగ్ విభాగం కింద మొదటి పేరు ఆమెదే.